జివతి గుట్టల మీద చన్నీటి సముద్రపు జీవి

నేను చంద్రపూర్ వెళ్లింది సముద్ర జీవి కోసం కాదు. దసరాకు తెలంగాణలో కొత్త జిల్లాలు వస్తాయని, ఆదిలాబాద్‌ను విడగొడతారని అందరూ మాట్లాడుకుంటున్న రోజులవి. జివతి గుట్టల మీద కొన్ని పల్లెలను మహారాష్ట్ర మావంటుంది, తెలంగాణ కూడా మావంటుంది. ఆ పల్లెలు తెలంగాణ వైపు ఏ కొత్త జిల్లా కిందికి వెళ్తాయో అక్కడి వాళ్లకే తెలియదు. దాని మీద కథనం రాయమని పత్రిక పంపింది. చంద్రపూర్‌లో నాకు తెలిసిన మనిషి అరుణ ఒక్కరే. పాతవాళ్లు చాందా అని పిలిచే ఆ ఊరి కాలేజీలో జంతుశాస్త్రం చెబుతారు. తండ్రి మంచిర్యాల వైపు నుంచి వచ్చి బొగ్గు గనిలో చేరారు. ఆమె ఇక్కడే పుట్టి, మరాఠీలో చదువుకుని, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగారు. ఫోన్ చేస్తే, "రేపు నేను గూడ జివతి దిక్కే పోతున్న సార్, జీపు మాట్లాడిన, మీరు గూడ రండ్రి. కానీ నా పని వేరే ఉంది" అన్నారు. ఏం పనని అడిగాను. "ఒక గుండె సంగతి. అది గుండె కాదు. కాదని చెప్పేటందుకే పోతున్న."

వెళ్లాలనుకునే వాళ్ల కోసం దారి చెబుతాను. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ వైపు వెళ్లే రైళ్లు చాలావరకు బల్లార్షాలో ఆగుతాయి. ఆరు గంటల లోపు ప్రయాణం, స్లీపర్ టికెట్ రెండు మూడు వందల మధ్య ఉంటుంది. అక్కడి నుంచి చంద్రపూర్‌కు షేర్ ఆటో దొరుకుతుంది. నేను సాయంత్రం దిగి, బస్టాండు దగ్గరి లాడ్జిలో పడుకుని, పొద్దున ఏడింటికి జీపెక్కాను. రోజంతటికీ రెండు వేలు, డీజిల్‌తో కలిపి. జీపు అక్కర్లేదనుకుంటే రాజురా మీదుగా గడ్‌చాందూర్ వెళ్లే ఎర్ర బస్సు ఎక్కి, అక్కడ గుట్ట మీదికి వెళ్లే షేర్ జీపు పట్టుకోవచ్చు. డ్రైవర్ సంతోష్ రాజురా వాడు. ఇంట్లో తెలుగు, స్టాండులో మరాఠీ, పోలీసు ఆపితే హిందీ.

వార్ధా నది దాటి రాజురా చేరేసరికి గని మట్టి దిబ్బలు రోడ్డుకు రెండు వైపులా బూడిద రంగులో కనిపించాయి. వానాకాలం చివర కాబట్టి వాటి మీద పలుచగా గడ్డి మొలిచింది. అరుణ అసలు సంగతి చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ల కాలేజీలో పాత జంతు ప్రదర్శన గది ఒకటుండేది. పిల్లలతో జంతువులను కోయించడం మానేశాక ఆ గదిని కంప్యూటర్లకు ఇచ్చేశారు. పాములు, చేపలు, పీతలు ఉన్న సీసాలను పారేయలేక, ఆవిడే పల్లెటూరి బడులకు పంచారు. వాటిలో ఒకటి జివతి గుట్ట మీద ఒక ఊరి మరాఠీ బడికి చేరింది. ఊరి పేరు రాయను. ఆ సీసాలో ఉన్నది ఉత్తర అట్లాంటిక్ చన్నీటిలో రాళ్లకు అంటుకుని బతికే జీవి. ముట్టుకుంటే నీళ్లు చిమ్ముతుంది కాబట్టి ఇంగ్లీషులో సీ స్క్వర్ట్ అంటారు. మన పుస్తకాల్లో కంచుక జీవి అని ఉంటుంది.

"చూస్తె పిడికిలంత ఉంటది సార్. బతికున్నప్పుడు ఎర్రగ, మందులేసినంక తెల్లగ. పైన రెండు గొట్టాలు, కోసిన నరాల లెక్క. మొదటిసారి చూసినోళ్లెవరన్న గుండే అంటరు. నేను గూడ చిన్నప్పుడు అదే అనుకున్న."

అది ఎలా పుడుతుందో చెప్పారు. పిల్ల తోకకప్పలా ఉంటుంది. తోక, వీపులో వెన్నెముకకు ముందు రూపం లాంటి కడ్డీ, వెలుతురు తెలిసే చుక్క, చిన్న మెదడు అన్నీ ఉంటాయి. ఆ లెక్కన మనకు దూరపు చుట్టం. నోరు మాత్రం ఇంకా తెరుచుకోదు. కొన్ని గంటలో, మహా అయితే కొన్ని రోజులో ఈదుతుంది. చీకటిగా ఉన్న రాయి దొరకగానే తల ఆనించి అతుక్కుంటుంది. ఆ తర్వాత తోకను, కడ్డీని, మెదడులో ఎక్కువ భాగాన్ని తనలోనే కరిగించుకుంటుంది. మిగిలేది ఒక సంచి. ఇక చచ్చేదాకా అక్కడి నుంచి కదలదు.

"తోక తింటదా? ఉప్పు కారం లేకుండనేనా అక్కా?" అన్నాడు సంతోష్.

"మెదడు గూడ తింటది. నువ్వు రోడ్డు చూసి నడుపు."

గడ్‌చాందూర్‌లో చాయ్ తాగాం. ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము చెట్ల ఆకుల మీద తెల్లగా పేరుకుని ఉంది. అక్కడే మిగతా కథ చెప్పారు. ఆ బడిలో పిల్లలకు మధ్యాహ్నం ఖిచిడీ వండే మనిషి పేరు రాజవ్వ. ఆమె భర్త కొమురయ్య బల్లార్షా దగ్గర భూగర్భ గనిలో పనిచేసేవాడు. పైకప్పు కూలి దెబ్బ తగిలి, ఆసుపత్రిలో పోయాడు. పోస్టుమార్టం చేసి శవాన్ని ఇచ్చారు. ఆ తర్వాత ఆమె గుట్ట మీది పత్తి చేనుకు తిరిగి వచ్చేసింది. ఇదంతా చాలా ఏళ్ల కింది మాట. బడికి సీసా వచ్చిన వారానికి, రాజవ్వ దాన్ని తన భర్త గుండె అని గుర్తుపట్టింది, తనకు ఇచ్చేయమంటోంది.

"ఇచ్చేస్తె పోతది కద అక్కా," అన్నాడు సంతోష్ గ్లాసు కింద పెడుతూ. "తీస్కపోయి బొంద పెట్టుకుంటది. మన సొమ్మేం పోతది?"

"ఇస్తె, అవునవ్వా, నీ మొగని గుండె కోసి సీసాల పెట్టినం అని ఒప్పుకున్నట్టు. అబద్ధం చెప్పి ఆమెకు గంత పెద్ద బాధ ఇయ్యాల్నా?"

సంతోష్ వెళ్లి జీపు స్టార్ట్ చేశాడు. మాణిక్‌గఢ్ కొండ ఎక్కుతుంటే చెవులు మూసుకుపోయాయి. మబ్బు రోడ్డు మీదికి దిగింది. పదకొండు దాటాక ఊరు చేరాం. రోడ్డుకు ఇటు మరాఠీ బడి, అటు తెలుగు బడి. రెండు రకాల కరెంటు స్తంభాలు. రాజవ్వ వంట చేసేది ఇటు బడిలో, మనుమడు చదివేది అటు బడిలో. ఇందులో ఎవరికీ వింత కనిపించదు.

హెడ్మాస్టరును ఊరంతా గురూజీ అంటారు. ఆయనది మరాఠీ, తెలుగు అర్థమవుతుంది. మమ్మల్ని చూడగానే తలుపు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "మేడం, ఆప్ లేకే జాయియే, తీసుకుపోండి. తీసేద్దామని నేను ఒక్కసారి ముట్టుకున్న. ఆమె ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. సాయంత్రం వరకు లేవలేదు. పిల్లలకు అన్నం లేదు ఆ రోజు."

గది చివర చెక్క అలమారా, ముందు అద్దం తలుపు. అద్దం వెనక సీసా. దాని ముందు నేల మీద మోదుగాకులో ఒక గరిటెడు ఖిచిడీ. వేడిగా ఉంది, పొగ వస్తోంది. నలభై మంది పిల్లలు గది అవతలి సగంలో ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. ఇవతలి సగం ఖాళీ. ఎవరూ వాళ్లను అలా కూర్చోమని చెప్పలేదని గురూజీ అన్నారు.

నేను దగ్గరికి వెళ్లి చూశాను. సీసాలోని ద్రవం లేత టీ రంగులో ఉంది. జీవి అడుగున ఒక రాతి ముక్కను పట్టుకుని నిలబడి ఉంది. పాలిపోయిన, ముడతలు పడిన పిడికిలి. పైన ఒక గొట్టం, పక్కన ఒక గొట్టం, రెండూ కొంచెం తెరుచుకుని ఉన్నాయి. గదిలో పిల్లలు అటూ ఇటూ కదిలినప్పుడల్లా నేల అదిరి, ద్రవం ఊగి, ఆ రెండు నోళ్లూ చాలా కొద్దిగా కదులుతున్నాయి. కారణం తెలిసినా నేను రెండో అడుగు ముందుకు వేయలేదు. సీసా మూత సరిగా బిగియలేదు. ఫార్మలిన్ వాసన వస్తోంది.

వంటగది నుంచి రాజవ్వ వచ్చింది. సన్నటి మనిషి, చేతికి పసుపు, నెత్తి మీద కొంగు. "వచ్చిండ్రా," అంది మమ్మల్ని చూసి. "ఇగ ఇస్తరా?"

అరుణ కింద కూర్చున్నారు. "ఎట్ల గుర్తువట్టినవ్ అవ్వా?"

"వాసన, బిడ్డా. ఆయనను తెచ్చిన నాడు మూటకు గిదే వాసన. మొకం సూడనిచ్చిన్రు, ఛాతి సూడనియ్యలే. మెడ కిందికెళ్లి కుట్లు ఉన్నయని మోసినోళ్లు చెప్పిన్రు. కుట్టు ఎందుకు పడతది? ఏదన్న తీస్తెనే గద! బొగ్గుబాయి కాలనీల గప్పుడే అన్నరు, గుండెలు తీసి చదువుకునే పోరగాండ్లకు సీసాలల్ల పెడతరని."

"గీ సీసా కాలేజీ నుంచి వచ్చింది, ఆసుపత్రికెళ్లి కాదు."

"వాసన ఒక్కటే ఉన్నది గదా."

 వాసన నిజంగానే ఒకటే. శవం చెడిపోకుండా వాడే మందు, ఈ సీసాలో పోసిన మందు ఒకటే.

మర్నాడు పెత్తర అమాస. తెలంగాణ ఇళ్లల్లో ఆ రోజు చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి, వాళ్లకు ఆకులు వేసి అన్నం పెడతారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రాజవ్వ తన భర్త పేరు చెప్పనివ్వలేదట. "సగం మనిషిని పెద్దలల్ల ఎట్ల కలుపుత?" అంది మా వైపు తిరిగి. "మా అత్త ఊకుంటదా? బతికున్నప్పుడే గింజ తక్కువైతె అడిగేది. నా కొడుకును నీకు మొత్తం ఇచ్చిన, నువ్వేంది గింత తక్కువ తెచ్చినవ్ అనదా? ఇయ్యాల గది ఇస్తె చేన్ల పెట్టుకుంట. రేపు పేరు చెప్పుకుంట. గంతే నేనడిగేది."

అరుణ లేచి సీసా వైపు చూపించారు. "అవ్వా, నీ ముందరనే కోస్త. లోపల చూడు. గుండె అయితె నీకే ఇస్త, నేనే మోసుకొని నీ చేన్లకు తెస్త. కాకుంటె, కాదని నువ్వే చెప్పాలె."

"మల్ల కోస్తరా?"

గదిలో పిల్లలతో సహా అందరూ ఆమెనే చూస్తున్నారు. గురూజీ, "మత్ కీజియే మేడం, వద్దు" అన్నారు. రాజవ్వ ఆకులోని ఖిచిడీ వైపు చూసింది.  తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుంది. "నేను పట్టుకుంట. నువ్వు కొయ్యి."

పిల్లలను బయటికి పంపారు. అరుణ ఇద్దరికీ రబ్బరు తొడుగులు ఇచ్చారు. జీవిని బకెట్ నీళ్లలో నాలుగైదుసార్లు మార్చి మార్చి కడిగారు. అయినా కళ్లు మండాయి. కిటికీలు తెరిస్తే మబ్బు లోపలికి వచ్చింది. బల్ల మీద స్టీలు పళ్లెంలో పెట్టారు. రాజవ్వ రెండు చేతులతో, నిద్రపోయే పిల్ల తలను పట్టుకున్నట్టు పట్టుకుంది.

పై తొడుగు మందంగా ఉంది. బ్లేడు తడి తోలులో దిగినట్టు మెల్లగా దిగింది. "గీ పైది పత్తి అవ్వా," అన్నారు అరుణ కోస్తూనే. "పత్తి పోగుల ఏముంటదో, గిండ్ల గదే ఉంటది. జంతువులల్ల ఇట్ల ఒంటికి తొడుక్కునేది గీ జాతి ఒక్కటే." ఇది నేను తర్వాత పుస్తకంలో చూసుకున్నాను, నిజమే. ఈ తొడుగులో ఉన్నది సెల్యులోజ్, అంటే మొక్కల పదార్థం.

రెండో గాటుకు లోపలి సంచి విడిపోయింది. రాజవ్వ వంగింది. నేనూ వంగాను. లోపల మాంసం ముద్ద లేదు. మడతలు మడతలుగా ఒక వల. దాని నిండా వరసగా, ఒకే కొలతలో, లెక్క పెట్టలేనన్ని సన్న రంధ్రాలు.

"జల్లెడ," అంది రాజవ్వ.

"అవునవ్వా. ఒక నోటికెళ్లి సముద్రం నీళ్లు లోపలికి గుంజుతది. గీ జల్లెడల తిండి ఆగుతది. ఇంకో నోటికెళ్లి నీళ్లు ఇడుస్తది. పొద్దంత, రాత్రంత గదే పని."

రాజవ్వ తొడుగు వేలితో ఆ వలను ఒకసారి తాకింది. "మేక గుండె కోసిన నేను. అండ్ల అర్రలుంటయి. జల్లెడ ఉండదు." వేలు తీసేసింది. "ఇది ఆయన కాదు."

గొంతులో ఏ మార్పూ లేదు. గురూజీ ఊపిరి వదలడం వినిపించింది. పని అయిపోయిందనుకున్నాం. కానీ ఆమె పళ్లెం దగ్గరి నుంచి కదలలేదు.

"దీనికి గుండె లేదా?"

"ఉంటది. గీ కింద, సన్న గొట్టం. పాతది గద, నాకు కనవడ్త లేదు." అరుణ సూదితో చోటు చూపించారు. "మనది ఒక దిక్కే కొట్టుకుంటది. దీనిది కొద్దిసేపు ఇటు కొట్టుకుంటది, ఆగుతది, మల్ల ఉల్టా కొట్టుకుంటది. నెత్తురు వచ్చిన దారినే వెనుకకు పోతది."

"ఆగినప్పుడు దానికి తెలుస్తదా, మల్ల కొట్టుకుంటనని?"

"తెల్వదు అవ్వా. తెలుసుకునేంత మెదడు లేదు దానికి."

రాజవ్వ నా వైపు తిరిగింది. "మీరు సముద్రం సూసిండ్రా సారూ?"

చూశానన్నాను. విశాఖలో, మచిలీపట్నంలో. ఈ జీవి ఉండే సముద్రం మాత్రం చూడలేదు. అక్కడి నీళ్లలో చెయ్యి పెడితే కాసేపటికి మొద్దుబారుతుందని చదివాను. వేడి నీళ్లలో ఇది బతకదు.

"గంత సల్లటికెళ్లి చాందాకు తెచ్చిన్రా దీన్ని! ఎండకాలం సూసిండ్రా ఇక్కడ?" చిన్నగా నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదొక్కసారే చూశాను. తర్వాత అడిగింది. "మరి ఆయనది ఏడుంది?"

అందరూ నన్నే చూశారు. చాలా ఏళ్లు నేరవార్తలు రాసిన వాణ్ని. మార్చురీల బయట ఎన్నోసార్లు నిలబడ్డాను, కొన్నిసార్లు లోపల కూడా. తెలిసింది చెప్పాను. "నేను చూసినంత వరకు, పరీక్ష అయ్యాక అన్నీ లోపలే పెట్టి కుడతారు. కొన్ని కేసుల్లో చిన్న ముక్కలు పరీక్షకు పంపుతారు. మీ ఆయన విషయంలో ఏం చేశారో నేను చూడలేదు."

చివరి రెండు వాక్యాలు ఎందుకన్నట్టు అరుణ నా వైపు చూశారు.

"ముక్కలా? ఎంత?"

బొటనవేలి చివర చూపించాను. ఆమె నా వేలిని చూస్తూ ఉండిపోయింది. దించితే తప్పుగా ఉంటుందనిపించి, నేను వేలు దించలేదు.

"గంతేనా," అంది చివరికి. అది ప్రశ్నో, కాదో తెలియలేదు. "అడుగంటుతున్నది," అంటూ వంటగదిలోకి వెళ్లింది. వెళ్తూ అలమారా ముందున్న ఆకు తీసి బయట కోళ్లకు వేసింది.

ఆ మధ్యాహ్నం నేను నా పని చేసుకున్నాను. రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు, ఇద్దరు సర్పంచులు. "కొత్త జిల్లా ఏదైతె మాకేంది సార్," అన్నాడొక రైతు. "ఏ ఆఫీసుకు పోయినా అవతలి ఆఫీసుకు పొమ్మంటరు." వాన పట్టి గుట్ట కిందికి దిగడం కుదరక ఆ రాత్రి గురూజీ ఇంట్లోనే ఉన్నాం. జొన్న రొట్టె, కందిపప్పు పెట్టారు. డబ్బు తీసుకోలేదు. పొద్దున బయల్దేరబోతుంటే రాజవ్వ కొడుకు మల్లేశ్ వచ్చాడు. "అవ్వ మిమ్ముల తిని పొమ్మంటున్నది."

వాళ్ల ఇంటి వాకిలి అలికి ఉంది. వంట మట్టి పొయ్యి మీద అయింది. అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర, వడలు. "మా అత్త ప్రతి ఏడు గీ దినం పస్తుంటది," అని కోడలు అరుణ చెవిలో అంది. "ఇయ్యాల ఏం జేస్తదో." రాజవ్వ తూర్పు గోడ కింద ఆకులు వేసింది. మామ పేరు చెప్పి వడ్డించింది. అత్త పేరు చెప్పి వడ్డించింది. తర్వాత మూడో ఆకు వేసింది. మల్లేశ్ తల వంచుకున్నాడు.

"కొమురయ్య," అంది. అన్నం పెట్టింది, పప్పు పోసింది, ఒక వడ పెట్టింది. చేతిలో గిన్నె అలాగే ఉంది. ఆకు ఎదురుగా, కొద్దిగా పైన, మనిషి కూర్చుంటే ముఖం ఉండే ఎత్తున చూసింది.

"మొత్తం వచ్చినవా?"

మామూలుగా, చేను నుంచి వచ్చిన మనిషిని అడిగినట్టు అడిగింది.  పొయ్యిలో కట్టె చిటపటమంది. ఆమె తల కొంచెం పక్కకు వంచి, మెల్లగా మాట్లాడే మనిషి మాట వింటున్నట్టు నిలబడింది. నేను వాకిలి వైపు చూశాను, గోడ వైపు చూశాను. ఏమీ లేదు. 

"సరె," అంది రాజవ్వ. "కూసో."

గిన్నె కింద పెట్టి, చేతులు కడుక్కుని, మా వరసలోనే కూర్చుని తినడం మొదలుపెట్టింది.

జిల్లాల కథనం పంపాను, వచ్చింది. ఈ ప్రయాణంలో నేను రూఢి చేసుకోగలిగింది ఒక్కటే: ఆ సీసాలోనిది గుండె కాదు, చన్నీటి సముద్రంలో రాయికి అంటుకుని నీళ్లు వడగట్టుకునే జీవి. కొమురయ్య శవంలో ఏముంది, ఏం లేదు అన్నది నేను రూఢి చేయలేను. ఇన్నేళ్ల తర్వాత ఎవరూ చేయలేరేమో. రాజవ్వ ఆ ప్రశ్న కాలనీ వాళ్లను అడిగింది, మేడంను అడిగింది, నన్ను అడిగింది. మా జవాబులు ఆమెకు సరిపోలేదు. చివరికి అడగాల్సిన మనిషినే అడిగింది. ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు. ఆమెకు వినపడిందని మాత్రం రాయగలను, ఎందుకంటే ఆ తర్వాత ఆమె రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

వెళ్లేవాళ్లకు ఒక సూచన. పెత్తర అమాస నాడు ఈ గుట్టల మీద ఉంటే ఏదో ఒక ఇంట్లో మిమ్మల్ని తినమంటారు, కాదనకండి. కానీ మీ ఆకులో వడ్డించినా, ఆ ఇంటి పెద్దామె చెయ్యి కడుక్కుని కూర్చునేదాకా ముద్ద ముట్టకండి. ఎవరి కోసం ఆగారని కూడా అడగకండి.